సంతకం ఆమెది, నిర్ణయం ఎవరిది?

(ఒక సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



నర్సింగ్ హోం అంటే మనకు బజారు వీధిలోని చిన్న ప్రైవేటు ఆసుపత్రి. నేను మాట్లాడబోయేది ఇంగ్లండులో వృద్ధులు, మతిమరుపు జబ్బున్నవాళ్లు చివరి సంవత్సరాలు గడిపే కేర్ హోంల గురించి, కోవిడ్ కాలంలో వాటిని నడిపిన మేనేజర్ల గురించి. ఆ రంగంలో పనిచేసే పదిమందిలో ఎనిమిది మంది స్త్రీలే. మేనేజర్లలోనూ స్త్రీలే ఎక్కువ. మేనేజరు పేరు చట్టప్రకారం తనిఖీ సంస్థ దగ్గర నమోదై ఉంటుంది. హోంలో ఏం జరిగినా ముందు జవాబు చెప్పుకోవాల్సింది ఆమే.

2020 మార్చి 17న ఆసుపత్రుల్లో పడకలు ఖాళీ చేయమని పైనుంచి ఉత్తరం వెళ్లింది. ఏప్రిల్ 15 లోపల సుమారు 25,000 మందిని కేర్ హోంలకు పంపేశారు. చేర్చుకోవడానికి నెగటివ్ రిపోర్టు అక్కర్లేదని ఏప్రిల్ 2న ప్రభుత్వమే రాసిచ్చింది. ఆసుపత్రి నుంచి ఫోను వస్తే ఆమె ఏమనాలి? వద్దంటే ఒక ముసలి ప్రాణాన్ని గెంటేసినట్టు. సరేనంటే లోపలున్న అందరికీ ముప్పు. మాస్కులు, గౌన్లు చాలవు. డాక్టర్లు చాలాచోట్ల రావడం మానేసి ఫోన్లోనే మందులు చెప్పారు. గుండె ఆగితే బతికించే ప్రయత్నం చేయొద్దనే కాగితాలు కొన్నిచోట్ల ఎవరినీ అడక్కుండా మూకుమ్మడిగా ఫైళ్లలో చేరాయి. తల్లి ఆఖరి ఘడియల్లో కూతుర్ని లోపలికి రానివ్వాలా వద్దా, అదీ మేనేజరే తేల్చుకోవాలి.

కొందరు ఇల్లూ పిల్లల్నీ వదిలి సిబ్బందితోపాటు హోంలోనే వారాల తరబడి పడుకున్నారు. త్యాగమని మెచ్చుకున్నారు. త్యాగమన్నాక ఓవర్‌టైం లెక్క ఎవరడుగుతారు? (మనకిది కొత్తేం కాదు.)

లక్షణాలు లేనివాళ్ల నుంచి కూడా వ్యాధి సోకవచ్చన్న ప్రమాదాన్ని పట్టించుకోకుండా అలా పంపడం చట్టవిరుద్ధమని లండన్ హైకోర్టు 2022 ఏప్రిల్ 27న తీర్పు చెప్పింది. తండ్రుల్ని పోగొట్టుకున్న ఇద్దరు కూతుళ్లు వేసిన కేసది. రెండేళ్లపాటు చావుకబురు ఫోన్లు చేసిన మేనేజర్లు మాత్రం తప్పు తమదేనేమోనని కుమిలిపోయారు.

ఈలోగా మరొకటి. టీకా వేయించుకోని వాళ్లు కేర్ హోంలో పనిచేయకూడదని 2021 నవంబరు 11 నుంచి నిబంధన పెట్టారు. పీపీఈ లేని రోజుల్లో కూడా పనికొచ్చిన ఆడవాళ్లను ఎదురుగా కూర్చోబెట్టుకుని, ‘రేపట్నించి రావద్దు’ అని చెప్పాల్సింది ఆమే. నాలుగు నెలలకే, 2022 మార్చి 15న, ఆ నిబంధన ఎత్తేశారు. అప్పటికి చాలామంది వేరే పనుల్లో కుదురుకున్నారు. ఖాళీ అయిన డ్యూటీల్లో మళ్లీ మేనేజరే నిలబడింది.