పావు అంగుళం సైనికుడు

సీసపు సైనికులను గురించి పెద్దవారు ముచ్చటించుకోవటం శ్రోతలకు వింతగా తోచవచ్చు. కాని యూరపులో ఈ వినోదం పెద్దల చేతులలోనే పెరిగింది. ప్రష్యా సైన్యంలో అధికారి అయిన రైస్విట్జ్ 1824లో యుద్ధక్రీడకు నియమాలు ప్రచురించగా, వాటిని అక్కడి అధికారుల శిక్షణకు వినియోగించారు. 1913లో హెచ్. జి. వెల్స్ 'లిటిల్ వార్స్' అనే పుస్తకం వ్రాసి ఆ క్రీడను నట్టింటికి తెచ్చాడు. ఆనాటి బ్రిటన్స్ కంపెనీవారి బోలు సీసపు బొమ్మ ఎత్తు 54 మిల్లీమీటర్లు. అటువంటి బొమ్మలతో వాటర్లూ యుద్ధం పరచవలెనంటే ఏ ఇల్లు చాలుతుంది? అందుచేత బొమ్మ కుదించుకొని పోయి, 6 మిల్లీమీటర్ల దాకా దిగింది. అనగా పావు అంగుళం.

ఈ పావు అంగుళంలోనూ తయారీదారులందరిదీ ఒక త్రోవ కాదు. ఒకరు అరికాలి నుండి నడినెత్తి వరకు కొలుస్తారు. మరొకరు కంటి వరకే కొలుస్తారు. పేరుకు రెండూ ఆరు మిల్లీమీటర్లే. కాని రెండవవాడు నిజానికి ఆరున్నరకు చేరువలో ఉంటాడు. ఇంగ్లండులో చిరకాలంగా పేరుపొందిన హీరోయిక్స్ అండ్ రాస్ వారి బొమ్మలు మూడువందలవ వంతు కొలతకు కట్టుబడినవి. సన్నగా, మనిషి నిష్పత్తిలోనే ఉంటవి. షెఫీల్డు నగరంలోని బాకస్ వారి బొమ్మలు కొంత ఎత్తరి, కండ గలవి. పదాతులను నలుగురేసి ఒకే పట్టీగా పోతపోస్తారు. ఆడ్లర్ వారి పనితనం నాజూకైనదే గాని తలలు కొంచెం పెద్దవి. పెద్ద తల లోపమని తొందరపడి నిర్ణయించరాదు. ముఖమూ టోపీయే దూరాన కనుపించేవి గనుక, కుంచె పట్టేవానికి అది ఉపకారమే. ఒకే దళంలో ఇద్దరి బొమ్మలను కలుపరాదని నా అభిప్రాయం. ప్రక్కప్రక్కన నిలిచినప్పుడు ఒకడు దుక్కలా, ఒకడు రోగిలా కనిపిస్తాడు. వేరువేరు దళాల నడుమ జానెడు ఎడముంటే ఆ తేడాను కన్ను పట్టదు. ఫిరంగుల సంగతి ఎవరూ చూడరు.

ఇక రంగులు. బల్లమీది బొమ్మను మనం సుమారు రెండడుగుల ఎడమునుండి చూస్తాము. మూడువందలవ వంతు లెక్కన అది ఆరువందల అడుగుల దూరం. అంత దూరాన నిజమైన సైనికుని గుండీలు కనబడునా? కనుక గుండీలకై కళ్ళు పాడుచేసుకోవద్దు. బొమ్మలను ఒక పుల్లకు వరుసగా అంటించి, నల్లని పూత పూసి ఆరనిచ్చి, తరువాత కోటు, లాగు, ముఖం, చివర తెల్లని పట్టెడలు ఒక్కొక్క గీతగా దిద్దవలెను. నల్లదనం సందులలో నిలిచి అంగాలను విడదీసి చూపుతుంది. చిన్న వస్తువుపై రంగు ముదురుగా అగుపిస్తుంది గనుక, నిజమైన బట్టకంటె ఒక పాలు తేటగా కలుపుకోవటం మేలు. లోహంలో సీసం ఉండవచ్చును. పని ముగిశాక చేతులు కడుక్కోవలెను.

ఇంతకంటె గట్టి చిక్కు ఒకటున్నది. బొమ్మకూడా బొంకగలదు. సైబోర్న్ అనే బ్రిటిషు అధికారి వాటర్లూ రణభూమిలో నెలల తరబడి ఉండి కొలతలు తీసుకొని, 1838లో 70 వేలకు పైగా చిన్న బొమ్మలతో ఆ యుద్ధపు నమూనా ప్రదర్శించాడు. విజయంలో ప్రష్యనుల పాలు అందులో హెచ్చుగా కనిపించటం వెల్లింగ్టను ప్రభువుకు రుచించలేదు. తరువాత సైబోర్న్ ప్రష్యను బొమ్మలను చాలా వరకు తొలగించాడు. ఆ నమూనా లండనులోని నేషనల్ ఆర్మీ మ్యూజియంలో ఉన్నది.

అదే వెల్లింగ్టను, వెల్లెస్లీగా 1803 సెప్టెంబరు 23న మహారాష్ట్ర సైన్యంతో అస్సాయే వద్ద పోరాడినప్పుడు, అతని పదాతిదళంలో మద్రాసు సిపాయిలు అనేకులున్నారు. ఉత్తర హిందూస్థానంలో కంపెనీ సిపాయిని 'తిలంగా' అనేవారు. తెలుగువారి పేరే సైనికునికి పేరైనది. ఈ సిపాయికి ఎర్రకోటు ఉన్నా, క్రింద పొట్టి తెల్ల చల్లడం, దాని దిగువ వట్టి కాళ్ళు. తలపై తెల్లసైనికుని టోపీ కాక, వేరొక తలపాగా. ఆ తలపాగా తేలిక విషయం కాదు. కొత్తరకం తలపాగాను బలవంతపెట్టటం 1806 జూలైలో వేలూరు తిరుగుబాటుకు ముఖ్యకారణాలలో ఒకటి. కాబట్టి చేతికందిన ఇంగ్లీషు పదాతులకే ముఖాలు నల్లబరచి సిపాయిలని నిలబెట్టేవారిని నేను మెచ్చుకోలేను. కావలసిన బొమ్మ దొరకనినాడు, చుట్టుతల ఉన్న బొమ్మను ఎంచి, మోకాలి దిగువ లాగు మడతలను సన్నని ఆకురాయితో అరగదీసి, కాలికి చామనచాయ వేయవచ్చును. చాయ ఒక్కటే కాక రెండుమూడు కలిపి పెట్టుకోవాలి. ఒక పటాలంలో అందరి ఒళ్ళూ ఒకే రంగులో ఉండవు గదా. కాళ్ళు ముందు వేసి, చల్లడం తరువాత వేస్తే అంచు సూటిగా వస్తుంది.