సీటు దాకా దారి: అండమాన్ నికోబార్ దీవుల్లో ఉన్నత విద్య

విద్యార్థులారా! గోడమీది భారతదేశ పటంలో కుడివైపు కిందికి చూడండి. ఇందిరా పాయింట్ ఉన్న గ్రేట్ నికోబార్ దీవికీ, 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌కూ మధ్య దాదాపు 500 కిలోమీటర్ల సముద్రం ఉంది. ఉన్నత విద్యలో జాతుల సమానత్వం గురించి మాట్లాడుకునే ముందు ఆ దూరాన్ని గుర్తుంచుకోండి.

1959 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఈ దీవుల్లో ఆరు తెగలను షెడ్యూల్డు తెగలుగా గుర్తించింది. 2011 లెక్కల్లో దీవుల జనాభా 3,80,581. అందులో ఈ తెగలవారు 28,530. వారిలో నూటికి తొంభై అయిదు మంది నికోబారీలే. రిజర్వేషన్ వల్ల వారికి కాలేజీలో సీటు ఉంటుంది. సీటు దాకా వెళ్లడం మరో సంగతి. జవహర్‌లాల్ నెహ్రూ రాజకీయ మహావిద్యాలయం 1967లో పోర్ట్ బ్లెయిర్‌లో వచ్చింది. (ఇక్కడ ‘రాజకీయ’ అంటే ప్రభుత్వ అని అర్థం, మీరనుకునే రాజకీయాలు కావు!) వైద్య కళాశాల 2015లో గాని రాలేదు. ఓడ ప్రయాణం, హాస్టలు, ఉపకార వేతనం... వీటిలో ఏది సమయానికి అందకపోయినా చట్టం ఇచ్చిన సీటు ఖాళీగానే ఉండిపోతుంది.

ఇక భాష. ఇంట్లో నికోబారీ, బడిలో హిందీ, డిగ్రీలో ఇంగ్లీషు. తెలుగు మీడియం నుంచి కాలేజీకి వచ్చినవారికి ఈ ఇబ్బంది వేరే చెప్పనక్కరలేదు. కార్ నికోబార్‌కు చెందిన జాన్ రిచర్డ్‌సన్ బర్మాలోని మాండలేలో చదువుకుని, తిరిగివచ్చి తనవాళ్లకు పాఠాలు చెప్పారు. వారి భాష రోమన్ లిపిలో రాతకెక్కడంలో ఆయన పాత్ర పెద్దది. 1952లో తొలి లోక్‌సభకు దీవుల ప్రతినిధిగా నామినేట్ అయ్యారు.

మరి జారవాలను, సెంటినలీలను కాలేజీకి ఎప్పుడు తెస్తారని మీరు అడగవచ్చు. ఆ తొందర వద్దు. 1863లో ఆంగ్లేయులు రాస్ దీవిలో ‘అండమాన్ హోమ్’ పెట్టి గ్రేట్ అండమానీలకు తమ పద్ధతులు నేర్పబోయారు. ఆ సహవాసంలో రోగాలు అంటుకున్నాయి. 1877లో తట్టు సోకి ఎందరో పోయారు. ఈనాడు 1956 నాటి రక్షణ నిబంధన ఈ తెగల ప్రాంతాల్లోకి బయటివారు వెళ్లకుండా కట్టడి చేస్తోంది. వారి విషయంలో సమానత్వమంటే ముందు ఆ అడవి వారికి మిగలడం.

గ్రేట్ అండమానీ భాషల్లో ఒకటైన ‘బో’ను చివరిగా మాట్లాడిన బోవా సీనియర్ 2010 జనవరిలో మరణించారు. అంతకుముందు కొన్నేళ్లపాటు జె.ఎన్.యు. ఆచార్యులు అన్వితా అబ్బి ఆమె దగ్గర కూర్చుని ఆ మాటలనూ పాటలనూ రికార్డు చేశారు. ఆ పాఠాల్లో గురువు స్థానంలో కూర్చున్నది బోవాయే.