కారులో వేడినీళ్ల దారి



ఈ రోజు కారు గురించి మాట్లాడుకుందాం. “బండి సంగతి మగాళ్లకు గానీ మాకెందుకు టీచరమ్మా?” అంటారేమో. సంఘంలో అప్పు తీసి పాత కారు కొన్నాం అనుకోండి. దాన్ని కిరాయికి తిప్పితే ఆ కారే ఇంటికి కూడు పెడుతుంది. అది చెడితే అప్పు ఎవరు కట్టాలి? ఇల్లంతా కట్టాలి.

2022లో మన రాజాం విజయనగరం జిల్లాలో కలిసింది. కలెక్టరాఫీసు పనికి విజయనగరం వెళ్లాలి. పెద్ద జబ్బు చేస్తే విశాఖపట్నం కింగ్ జార్జి ఆసుపత్రికి పోవాలి. నడిదారిలో కారు ఆగిపోతే ఎంత కష్టం!

ఇంజనులో పెట్రోలో, డీజిలో మండుతుంది. చాలా వేడి పుడుతుంది. అందుకే ఇంజను లోపల నీళ్లు తిరుగుతాయి. ఒక పంపు వాటిని తోస్తుంది. వేడెక్కిన నీళ్లు రేడియేటరులోకి వెళ్తాయి. అక్కడ గాలి తగిలి చల్లారతాయి. మళ్లీ ఇంజనులోకి వస్తాయి. తుప్పు పట్టకుండా ఆ నీళ్లలో కూలెంటు కలుపుతారు.

కారులో ఇంకో చిన్న రేడియేటరు కూడా ఉంటుంది. డ్రైవరు ముందుండే డాష్‌బోర్డు లోపల ఉంటుంది. దాన్ని హీటరు కోరు అంటారు. ఒక రబ్బరు పైపులో వేడినీళ్లు దానిలోకి వెళ్తాయి. రెండో పైపులో తిరిగి వస్తాయి. చలిలో కారు లోపలి గాలిని అది వేడి చేస్తుంది. మన రాజాం ఎండల్లో దానితో ఏటి పని? లంబసింగి లాంటి చలి కొండల్లో అయితే పని ఉంది. అద్దానికి పట్టిన మసకను కూడా అది పోగొడుతుంది.

పాతబడితే హీటరు కోరు కారుతుంది. కాళ్ల దగ్గర పట్టా తడుస్తుంది. తియ్యటి వాసన వస్తుంది. అద్దం మసకబారుతుంది. కొత్తది వేయాలంటే చాలా కార్లలో డాష్‌బోర్డు విప్పాలి. కూలి ఎక్కువ అవుతుంది. అందుకని కొందరు దాన్ని తీసేయిస్తారు. తీసేయొచ్చు. కానీ నీళ్లకు దారి చూపాలి.

పొలం కాలువకు అడ్డు వేస్తే ఏమవుతుంది? నీరు అవతలికి పోదు. ఇదీ అంతే. కొన్ని ఇంజన్లలో నీళ్లు ఈ పైపుల గుండానే పంపుకు తిరిగి రావాలి. రెండు కొసలకూ బిరడాలు బిగిస్తే ఆ దారి మూసుకుపోతుంది. అందుకే ఒక కొసను రెండో కొసకు పైపుతో కలపాలి. ఆ బండి తీరు తెలిసిన మెకానిక్కే ఈ పని చేయాలి.

మెకానిక్కును ఈ నాలుగు మాటలు అడగండి:

1. వేడికి ఆగే ఇంజను పైపే వేశావా? తోటకు నీళ్లు పెట్టే పైపు వేడికి మెత్తబడి పగిలిపోతుంది.
2. పైపు ఎక్కడైనా మెలిక పడిందా? ఫ్యానుకు, బెల్టుకు, పొగగొట్టానికి తగులుతోందా?
3. రెండు వైపులా క్లిప్పులు బిగించావా?
4. కూలెంటు నింపి, లోపలి గాలి తీశావా? గాలి ఉండిపోతే ఇంజను వేడెక్కుతుంది.

తర్వాత కొన్ని రోజులు, ఉదయం ఇంజను చల్లగా ఉన్నప్పుడు కూలెంటు డబ్బా చూడండి. డబ్బా మీద రెండు గీతలు ఉంటాయి. నీరు ఆ రెంటి మధ్య ఉండాలి. కింది గీత దాటి దిగితే ఎక్కడో కారుతుండొచ్చు.

చాలా కార్లలో డ్రైవరు ముందు వేడి చూపే ముల్లు ఉంటుంది. ‘సి’ అంటే చల్లన. ‘హెచ్’ అంటే వేడి. ముల్లు ‘హెచ్’ దగ్గరకు పోతే బేగి బండి ఆపమనండి. ఇంజను కట్టేయమనండి. అలాగే నడిపితే ఇంజను హెడ్డు వంగిపోతుంది. వేలకు వేలు ఖర్చు.

ఆగిన వెంటనే రేడియేటరు మూత తీయనివ్వకండి! ఆవిరి నిండిన కుక్కరు మూత తీస్తామా? తీయం కదా. ఇదీ అంతే. మరిగే నీళ్లు ఎగజిమ్ముతాయి. ముఖం, చేతులు కాలిపోతాయి. పూర్తిగా చల్లారాకే తీయాలి.

ఇంకో మాట. కూలెంటు విషం. తియ్యగా ఉంటుంది కాబట్టి పిల్లలు తాగే ప్రమాదం ఉంది. కూల్‌డ్రింకు సీసాలో పోసి ఉంచకండి. నేల మీద ఒలికితే గుడ్డతో తుడిచేయండి. కుక్కలు, పశువులు నాకకుండా చూడండి.

ఆ నాలుగు ప్రశ్నలూ మీ నోటుబుక్కులో రాసుకోండి. బండి షెడ్డుకు వెళ్లిన రోజు, డబ్బు ఇచ్చే ముందు, ఒక్కొక్కటీ చదివి అడగండి.