పక్కన కూర్చున్నవాడు

పనులు ముగించుకొని రేడియో దగ్గర కూర్చున్న తల్లులకు, పొలము నుండి ఇల్లు చేరిన పెద్దలకు, దూరదేశములో క్యాంపు గదిలో పడుకొని ఈ మాటలు వింటున్న తమ్ముళ్లకు నా శుభములు.

ఈనాడు స్నేహమును గూర్చి కొన్ని మాటలు చెప్పాలని ఆశపడుతున్నాను. పరదేశములో ఉన్న స్నేహితునికి ఫోను చేసి "బాగున్నావా?" అని అడుగుతాము. "బాగున్నాను" అంటాడు. మనకు తృప్తి, అతనికి విడుదల. సంభాషణ అక్కడితో అయిపోతుంది. అయితే ఆ జవాబు తరువాత అడగవలసిన రెండవ ప్రశ్న ఒకటి ఉన్నది. దానిని గూర్చే ఈనాటి ప్రసంగము.

నేను ఖతర్ దేశములోని దోహాలో కొన్ని సంవత్సరములు స్టోర్‌కీపర్‌గా పనిచేశాను. ఒకే గదిలో ఆరుగురము. ఒకదానిపై ఒకటిగా ఇనుప మంచాలు, వంతుల ప్రకారము వంట, శుక్రవారము నాడు బట్టలుతుకుట. గల్ఫ్ గదులలో మనుషులను ఊరి పేరుతో పిలవడము మీలో చాలామందికి తెలుసు. మా గదిలోనూ అంతే. అమలాపురం, కడప, నిజామాబాద్, జగిత్యాల. నేను భీమవరం. జ్వరమొస్తే గంజి కాచిపోసింది వీళ్లే. మా నాన్నగారు పోయిన రాత్రి టికెట్టుకు డబ్బు పోగుచేసింది వీళ్లే.

తరువాత నాకు మస్కట్‌లో ఉద్యోగము దొరికింది. వెళ్లేటప్పుడు కౌగలించుకొని ఏడ్చాము. ఆ తరువాత? పండుగకు ఒక బొమ్మ, పుట్టినరోజుకు ఒక పువ్వు ఫోనులో పంపుకున్నాము. ఒకే బియ్యపు సంచి పంచుకొని తిన్నవాళ్లము, అంతవరకే మిగిలాము.

2022 డిసెంబరులో నాకు దోహా వెళ్లే అవకాశము కలిగింది. అప్పుడక్కడ ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు జరుగుతున్నది. ఎనిమిది స్టేడియములు, 32 దేశములు, 64 ఆటలు. ఆ స్టేడియములకు, రోడ్లకు, మెట్రోకు ఇటుక మోసిన చేతులలో మన చేతులూ ఉన్నాయి. ఫైనల్ ఆట డిసెంబరు 18న, లుసైల్ స్టేడియములో, అర్జెంటీనాకూ ఫ్రాన్సుకూ మధ్య. అది ఖతర్ జాతీయ దినము, సెలవు దినము. అందుచేత పాత గదివాళ్లలో నలుగురము కలుసుకోగలిగాము. నిజామాబాద్ అన్న అప్పటికే ఇంటికి వెళ్లిపోయాడు.

స్టేడియములో టికెట్టు కొనే స్తోమత మాకు లేదు. సనయ్య అని మనవాళ్లు పిలిచే ఇండస్ట్రియల్ ఏరియా పక్కన ఏషియన్ టౌన్ ఉన్నది. అక్కడి క్రికెట్ మైదానములో కార్మికుల కొరకు పెద్ద తెరలు కట్టారు. మేమూ అక్కడికే వెళ్లాము. క్రికెట్టు తప్ప మరొకటి తెలియని మాకు ఫుట్‌బాల్ ఏమిటని మీరు నవ్వవచ్చు. 1962లో జకార్తా ఆసియా క్రీడలలో బంగారు పతకము గెలిచిన భారత ఫుట్‌బాల్ జట్టుకు శిక్షకుడు హైదరాబాదువాడైన సయ్యద్ అబ్దుల్ రహీమ్ గారే. కాబట్టి ఈ ఆట మనకు మరీ పరాయిది కాదు.

సాయంత్రము ఆరు గంటలకు ఆట మొదలైంది. మొదటి సగములోనే అర్జెంటీనా రెండు గోల్స్ చేసింది. అమలాపురం మిత్రుడు మెస్సీ పేరున్న చొక్కా వేసుకొని వచ్చాడు, ఇక అతణ్ణి పట్టలేము. కరక్ చాయ్ తాగాము, పాత గదిలోని నల్లుల కథలు చెప్పుకొని నవ్వాము. ఆట అయిపోయినట్టే అనుకున్నాము. 80వ నిమిషములో ఫ్రాన్సు ఆటగాడు ఎంబాపే పెనాల్టీ కొట్టాడు. 97 సెకన్లలో రెండవ గోల్ కూడా కొట్టాడు. మైదానమంతా లేచి నిలబడింది.

ఒక్కడు లేవలేదు. జగిత్యాల తమ్ముడు. కూర్చునే ఉన్నాడు, కళ్లు తెర మీదనే ఉన్నాయి గాని చూపు అక్కడ లేదు. నేను అతని పక్కన కూర్చున్నాను.

"ఇంటి దగ్గర అందరూ బాగున్నారా తమ్ముడూ?"

"మంచిగున్నరన్నా."

ఎప్పుడూ ఫోనులో అనే మాటే. ఆ రాత్రి ఎందుకో ఇంకొకటి అడిగాను. "జీతం వస్తోందా?"

అతడు నా వైపు తిరగలేదు. తెర వైపు చూస్తూనే అన్నాడు, "నాలుగు నెలలాయె అన్నా, రాక."

"ఇంట్లో తెలుసా?"

"తెల్వదు. ఓటీ ఎక్కువున్నది, ఫోన్ చేసేతందుకు టైం దొర్కుతలేదని చెప్తున్న."

ఊరిలో ఏజెంటు కొరకు చేసిన అప్పు ఇంకా ఉన్నది. నెలనెలా పంపే డబ్బు గదివాళ్ల దగ్గర బదులు తీసుకొని పంపుతున్నాడు. మూడేళ్లు దాటినా ఇంటికి వెళ్లలేదు. రాత్రులు నిద్ర లేదు. ఇదంతా అర్జెంటీనా మూడవ గోల్ కొట్టిన గోలలో, ఫ్రాన్సు మళ్లీ సమానము చేసిన గోలలో, ముక్కలు ముక్కలుగా చెప్పాడు. నేను ఒక్క సలహా కూడా ఇవ్వలేదు. విన్నాను.

3-3తో ఆట ముగిసింది. పెనాల్టీలు వచ్చాయి. అప్పుడేమి జరుగుతుందో గమనించారా? బంతిని తన్నేవాడు మైదానము మధ్య నుండి ఒంటరిగా నడిచి వెళ్తాడు. ఆ బరువు మరొకరు మోయలేరు. కాని వెనుక, మధ్య గీత దగ్గర, తోటివాళ్లు ఒకరి భుజము మీద ఒకరు చేతులు వేసుకొని వరుసగా నిలబడతారు. తప్పినా తిరిగి రావలసింది ఆ వరుసలోకే. ఆ రాత్రి అర్జెంటీనా 4-2తో గెలిచింది. 36 సంవత్సరముల తరువాత కప్పు అందుకుంది. నాకు మాత్రము ఆ వరుసే గుర్తుండిపోయింది.

ఆట తరువాత టీ కొట్టు దగ్గర తమ్ముడు తనంతట తానే మిగతా ఇద్దరికీ చెప్పాడు. కడప అన్న అంతా విని, "రేపు సెలవు పెడతా, కార్మిక శాఖకు నేనొస్తా పద" అన్నాడు. అంతే అన్నాడు. ఫిర్యాదు పెట్టారు. కమిటీ ముందుకు వెళ్లారు. కొన్ని నెలలకు బకాయిలో ఎక్కువ భాగము వచ్చింది. 2023లో తమ్ముడు ఇల్లు చేరాడు. అప్పు పూర్తిగా తీరలేదు. అయితే ఇప్పుడు ఆ అప్పు సంగతి భార్యకు తెలుసు, ఇద్దరూ కలిసి తీరుస్తున్నారు.

ప్రియ శ్రోతలారా, ఇందులో మనము మూడు సంగతులు గ్రహించాలి.

మొదటిది, సూటిగా అడగండి. "బాగున్నావా?" అనేది పలకరింపు. "జీతము వస్తున్నదా? నిద్ర పడుతున్నదా? ఇంటికి వచ్చి ఎన్నాళ్లయింది?" ఇవి ప్రశ్నలు. ప్రశ్నకే జవాబు వస్తుంది.

రెండవది, పక్కన కూర్చోండి. మగవాడు ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే కష్టము చెప్పడు, అది విచారణలా ఉంటుంది. ఇద్దరూ ఒకే వైపు చూస్తూ కూర్చుంటే చెబుతాడు. ఆట కావచ్చు, చేపల వేట కావచ్చు, వంట కావచ్చు. అందుకే ఇటువంటి రాత్రులను కాలక్షేపమని తీసివేయకండి.

మూడవది, తోడుగా నడవండి. మన పిల్లలలో చాలామందికి తమ హక్కులే తెలియవు. ఖతర్‌లో 2020లో చేసిన మార్పులతో, పాత యజమాని అనుమతి పత్రము లేకుండానే ఉద్యోగము మారే వీలు వచ్చింది. 2021 మార్చి నుండి కనీస వేతనము నెలకు 1000 రియాళ్లుగా అమలయింది. భారత రాయబార కార్యాలయము అండతో భారతీయుల సహాయ సంఘమూ అక్కడ ఉన్నది. కాని చట్టము కాగితము మీద ఉంటుంది. భాష రానివాడు ఆ కార్యాలయపు మెట్టు ఎక్కాలంటే పక్కన ఒక మనిషి ఉండాలి.

ఇంటి దగ్గర ఉన్నవారికి ఒక మనవి. "డబ్బు పంపావా?" అన్నది మీ మొదటి మాట కాకూడదు. అమ్మా, "డబ్బు లేకపోయినా ఫరవాలేదు, నువ్వు ఎలా ఉన్నావో నిజము చెప్పు" అని ఒక్కసారి అనండి. ఆ ఒక్క మాట కొరకు అబద్ధాలాడుతూ అలసిపోయిన కొడుకులు ఎందరో ఉన్నారు.

ఈ వారములో ఒక పని చేయండి. ఒకప్పుడు మీతో గది పంచుకొని, ఇప్పుడు పండుగ బొమ్మ మాత్రమే పంపుతున్న స్నేహితుడు ఒకడు మీకు ఉండే ఉంటాడు. అతనికి ఫోను చేయండి. బాగున్నానంటాడు. వెంటనే పెట్టేయకండి. రెండవ ప్రశ్న అడిగి, కాసేపు మౌనముగా ఉండండి.

మీకూ, మీ దూరపు వారికీ సమాధానము కలుగును గాక. వచ్చే వారము ఇదే సమయమునకు మరల కలుసుకుందాము. అంతవరకు సెలవు.