కమాను పట్టీ, కొలిమి విద్య



లారీ కింద కట్టగా బిగించి ఉండే ఉక్కు పట్టీలను మనం కమాన్లు అంటాము. కమాన్ అనగా ఫారసీలో విల్లు. ఉర్దూ మీదుగా మన షెడ్లలోకి వచ్చిన ఈ మాట పట్టీ స్వభావాన్ని ఉన్నదున్నట్లు చెబుతుంది. బరువు పడితే వంగాలి, బరువు దించగానే తన వంపుకు తాను తిరిగి రావాలి.

ఆ గుణం వంపులో లేదు, పదునులో ఉన్నది. కర్మాగారంలో సిలికాన్, మాంగనీసు కలిసిన ఉక్కు పట్టీని కోసి, నడుమ రంధ్రం చేసి, ప్రధాన పట్టీ కొనలను గుండ్రంగా చుడతారు. సుమారు 850 నుండి 900 డిగ్రీల సెల్సియస్ వరకు కాల్చి, అచ్చులో వంచి, వెంటనే నూనెలో ముంచుతారు. అప్పుడది గట్టిపడుతుంది, కాని గాజువలె పెళుసు. మళ్ళీ 400 నుండి 500 డిగ్రీల వేడిలో కొంతసేపు ఉంచితేనే ఆ పెళుసుదనం పోతుంది.

ఏళ్ళ తరబడి బరువు మోసిన కమాను చదునవుతుంది. మన పనివారు కట్ట విప్పి, ఒక్కొక్క పట్టీని లోవంపు పైకి ఉండేట్లు ఎడంగా ఉన్న రెండు దిమ్మలపై పెట్టి, కొంచెం కొంచెం జరుపుతూ సుత్తితో కొడతారు. కాల్చరు గనుక పదును చెడదు. సుత్తి అంచు గాటు మాత్రం పడరాదు. రేపు పట్టీ విరిగేది అక్కడే. పగులు కనిపించిన పట్టీని మార్చవలసిందే.

కొందరు పట్టీని ఎర్రగా కాల్చి, వంచి, గాలికి ఆరనిస్తారు. వంపు చూడముచ్చటగా ఉంటుంది, పదును ఉండదు. కొద్ది లోడ్లకే మళ్ళీ చదును. దీనిని నేను మోసమనను. నూనె తొట్టి, వేడి కొలిచే సాధనం లేని షెడ్డులో ఆ పనివాడు ఏమి చేయగలడు?

ముస్లింలలో స్వయం ఉపాధిపై బ్రతికేవారి వాటా ఎక్కువని 2006 నాటి సచార్ కమిటీ నివేదిక తెలిపింది. 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన పి.ఎం. విశ్వకర్మ పథకంలోని 18 వృత్తులలో కమాను పని పేరు లేదు, కమ్మరి పని ఉన్నది. కొలిమి, దాగలి, సుత్తితో బ్రతికేవాడు కమ్మరి కాక మరెవరు? అందులో పనిముట్లకు 15,000 రూపాయల వరకు సాయం, మొదటి విడతగా 5 శాతం వడ్డీకి లక్ష రూపాయల వరకు రుణం ఉన్నాయి. తొట్టికీ, సాధనానికీ అది అక్కరకు వస్తుంది. దరఖాస్తు మొదటి పరిశీలన గ్రామ పంచాయతీ లేదా పట్టణ స్థానిక సంస్థ స్థాయిలోనే జరుగుతుంది. అడిగితే చూపడానికి మీరు వంపు తీర్చిన పట్టీ ఒకటి వెంట తీసుకొని వెళ్ళండి.