పాత విహార వ్యాను కొనబోవు ముందు

(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



పంచాంగ శ్రవణము ముగిసిన వెంటనే పాత బండ్ల సంగతి ఏమిటని కొందరికి తోచవచ్చును. కార్యదర్శిగారు మమ్ములను పిలిచి, "మీరు రైల్వేలో ఉన్నారు గదా, చక్రముల సంగతి మీకు తెలియును, నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. మేము రైల్వేలో ఉన్న మాట నిజమే గాని, మెట్రిక్ ప్యాసై గుమాస్తా పనిలో చేరిన వారము. మా చేతిలో ఉన్నవి కాగితములు, చక్రములు కావు. అయినను ఈ విషయములో చక్రములకు ఎంత పని ఉన్నదో కాగితములకును అంత పని ఉన్నది గనుక ఒప్పుకొన్నాము.

తిరువొత్తియూరులో కాపురమున్న మన కుటుంబములకు ఏటికి రెండు మూడు ప్రయాణములు తప్పవు. సంక్రాంతికి సొంత ఊరు, పిల్లల పుట్టువెంట్రుకలకు తిరుపతి, వేసవిలో అమ్మమ్మగారిల్లు. పండుగ రోజులలో రైలులో చోటు దొరకదు. ఈ మాట మేము చెప్పుట అంత బాగుండదు, కాని నిజము. అందుచేత నాలుగైదు కుటుంబములు కలిసి ఒక పాత వ్యాను కొనవలెనన్న ఆలోచన రెండేండ్లుగా మనలో నలుగుచున్నది. మామూలు వ్యాను కాదు. లోపల రెండు పడకలు, చిన్న పొయ్యి, నీళ్ళ తొట్టి, ఫ్యాను అమర్చిన విహార వ్యాను. అమెరికాలోని మన వాళ్ళు దీనిని ఆర్.వీ. అంటారు. మన సర్కారు వారి జాబితాలో క్యాంపర్ వ్యాను, మోటారు కారవాన్ అన్న పేర్లున్నవి. క్రొత్తది మన జీతములకు అందదు. పాతదే గతి. పాతది కొనుటలో నామోషీ ఏమియు లేదు. అయితే మామూలు కారు కొనువాడు ఇంజను చూచుకొంటే ముప్పాతిక పని అయినట్లే. ఈ వ్యానులో మనము పిల్లలను పడుకోబెట్టి తలుపులు మూసుకొంటాము. కనుక ఇది బండి పరీక్షతో పోదు, ఇంటి పరీక్ష కూడ చేయవలెను.

ఎందుకింత గట్టిగా చెప్పుచున్నామంటే, 2024 డిసెంబరులో కేరళలోని వడకరలో రోడ్డు ప్రక్కన నిలిపిన ఒక కారవాన్‌లో ఇద్దరు మనుషులు చనిపోయి కనిపించినారు. దొంగతనము లేదు, కొట్లాట లేదు. ఏ.సి. కోసము జనరేటరు నడుపుకొని నిద్రపోయినారు. ఆ జనరేటరు పొగలోని కార్బన్ మోనాక్సైడు లోనికి చేరినది. కోళిక్కోడు జాతీయ సాంకేతిక విద్యాసంస్థ వారు అదే బండిలో జనరేటరు నడిపి చూచి, బండి నేలలోని రంధ్రముగుండా ఆ వాయువు లోపలికి వచ్చినదని తేల్చినట్లు 2025 జనవరిలో పత్రికలు వ్రాసినవి. ఆ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. నిద్రలో ఉన్నవానికి దగ్గు కూడ రాదు.

రెండవది మా రైల్వేలోనే జరిగినది. 2023 ఆగస్టు 26 తెల్లవారుజామున మదురై స్టేషను దగ్గర నిలిపి ఉంచిన ఒక యాత్రికుల పెట్టె కాలిపోయి తొమ్మిదిమంది మరణించినారు. ఉత్తరప్రదేశ్ నుండి యాత్రకు వచ్చిన వారు అద్దెకు తీసుకొన్న పెట్టె అది. నిబంధనలకు విరుద్ధముగా తెచ్చిన గ్యాసు సిలిండరుతో లోపల టీ కాచుకొనుట దానికి కారణము. ఇనుప పెట్టెకే అట్లయినది. ప్లైవుడ్డు, నురుగు పరుపు, ప్లాస్టిక్కు పరదాలతో నింపిన వ్యానుకు ఎంతసేపు పట్టును?

ఇక మన అనుభవము. పోయిన సంవత్సరము ఒక దళారి మనకొక వ్యాను చూపినాడు. పేరు, ఊరు అనవసరము. తెల్లగా, మల్లెపువ్వువలె ఉన్నది. లోపల పరుపులకు క్రొత్త గలేబులు, కిటికీలకు పూల పరదాలు. మన ఆడవారికి వెంటనే నచ్చినది. దళారి, "ఇంకొక పార్టీ రేపు వచ్చుచున్నది, ఇప్పుడే బయానా ఇచ్చిపొండి" అన్నాడు. బండ్ల వ్యాపారములో ఆ ఇంకొక పార్టీ ఎల్లప్పుడు రేపే వచ్చును. మేము బయానా ఇవ్వలేదు. ఒక ఆదివారము గడువడిగి, బస్సు డిపోలో ముప్పది ఏండ్లు పనిచేసి రిటైరయిన ఒక మేస్త్రీని తీసికొనిపోయినాము. దళారి, "మా మెకానిక్కు ఉన్నాడు గదా, వేరే ఎందుకు?" అన్నాడు. అమ్మేవాని మెకానిక్కు అమ్మేవాని ఉప్పు తినువాడు. మన మేస్త్రీతో ముందే ఒప్పందము: బండి కొన్నను, మానినను కూలి ఒక్కటే. ఇది ముఖ్యము. కొంటేనే కమిషను అన్నవాడు ఏ బండినైనను బాగున్నదనే అంటాడు.

మేస్త్రీగారు పరుపుల వైపు చూడనే లేదు. గోనెసంచి పరచుకొని బండి క్రిందికి దూరినారు. మన ఊరు సముద్రము ప్రక్కన ఉన్నది. ఎన్నూరు రోడ్డులో బండి పెట్టుకొన్నవారికి తెలుసును, ఉప్పుగాలికి ఇనుము ఎట్లు పొరలు పొరలుగా లేచునో. పైన రంగు వేయవచ్చును, క్రింద చాసీకి ఎవరును శ్రద్ధగా వేయరు. ఆయన చిన్న సుత్తితో చాసీ పొడవునా తట్టుకొంటూ పోయినారు. మా రైల్వేలో పూర్వము చక్రములను సుత్తితో తట్టి శబ్దమునుబట్టి పగులు పట్టేవారు. ఆ విద్యయే ఇది. మంచి ఇనుము గణగణమన్నది. వెనుక చక్రము దగ్గర మాత్రము అట్టపెట్టెను కొట్టినట్లు చప్పుడైనది. నల్లరంగు క్రింద పుట్టీ, పుట్టీ క్రింద తుప్పు.

తరువాత లోపలికి వచ్చి సీటు బెల్టును చివరిదాకా బయటికి లాగినారు. సగము బెల్టు శుభ్రము, సగము మట్టిరంగు, నడుమ గీత గీచినట్లున్నది. సీట్లు బిగించిన పట్టాల సందులలో ఎండిన బురద. 2023 డిసెంబరు తుపాను నీటిలో మన నగరములో ఎన్ని బండ్లు మునిగినవో మనము చూచినాము. ఎర్నావూరు, ఎన్నూరు వైపున నీటితోబాటు నూనె కూడ వచ్చి గోడలకు నల్లగా పట్టినది. అట్లు మునిగిన బండ్లన్నియు తుక్కులోనికి పోలేదు. కడిగి, ఆరబెట్టి, అత్తరు కొట్టి మరల బజారుకు వచ్చినవి ఉన్నవి. మునిగిన బండి ఆరు నెలలు నడచును. తరువాత వైర్ల కొసలలో పచ్చని చిలుము పట్టి, నాయుడుపేట దాటిన తరువాత చీకటిలో దీపములారిపోవును.

అసలు సంగతి పడక క్రింద ఉన్నది. నేలమీద పరచిన రబ్బరు చాప ఎత్తగా, నీళ్ళ గొట్టము పోవుటకు కోసిన రంధ్రము ఒకటి కనిపించినది. గొట్టము బొటనవ్రేలంత, రంధ్రము కొబ్బరిచిప్పంత. దాని క్రింద జానెడు దూరములో సైలెన్సరు. వడకరలో జరిగినదేమో ఆ రోజు మన ఆడవారికి చెప్పనక్కరలేకపోయినది. చాప తిరిగి వేసి అందరమును దిగివచ్చినాము.

అందుచేత ఇటువంటి వ్యానులో ముందుగా నేలను చూడండి. నేలలోని ప్రతి రంధ్రము బిగువుగా మూసి ఉండవలెను. జనరేటరు ఉన్నచో అది వ్యానుకు అంటుకొని ఉండకూడదు. పొయ్యి గ్యాసు గాలికంటె బరువు. కారినచో పైకి పోదు, నేలమీద నీరువలె నిలుచును. కనుక సిలిండరు పెట్టు అర లోపలివైపు పూర్తిగా మూసి ఉండి, అడుగున బయటికి గాలి రంధ్రము ఉండవలెను. గొట్టము కీళ్ళకు సబ్బునీరు పూసి బుడగలు వచ్చునేమో చూడండి. అగ్గిపుల్ల గీచి చూచు మహానుభావులు కూడ ఉన్నారు, వారిని దూరముగా ఉంచండి. పైకప్పు కారుచున్నదా అన్నది వానాకాలము వరకు ఆగనక్కరలేదు. పైన నాలుగు బిందెల నీళ్ళు పోయించి, లోపల మూలల చెక్కను బొటనవ్రేలితో నొక్కండి. మెత్తగా దిగినచో లోపల కుళ్ళినదన్నమాట.

ఇంజను సంగతి మేస్త్రీకే వదలండి. అయినను మనము చూడదగినవి కొన్ని ఉన్నవి. బండి చల్లగా ఉన్నప్పుడు మొదటి స్టార్టు మన ఎదుట జరగవలెను. మనము పోవుసరికే వేడిగా ఉన్నచో ఏదో దాచుచున్నారు. ఆయిలు మూత అడుగున తెల్లని మీగడవంటిది ఉన్నచో ఆయిలులో నీరు కలిసినది. నీలిపొగ వచ్చినచో ఆయిలు కాలుచున్నది. టైరు ప్రక్కన నాలుగు అంకెలుండును: 1419 అని ఉన్నచో 2019లో 14వ వారమున తయారైనదని అర్థము. అరగలేదు గదా అని మురిసిపోకూడదు, ఏండ్లు గడచిన రబ్బరు నెర్రెలిచ్చును. పడకలు, తొట్టి, బీరువాలు ఎక్కించిన వ్యాను ఎంత బరువున్నదో ఒక్కసారి లారీలు తూచు వేబ్రిడ్జిపై నిలిపి చూడండి. ఆర్.సి. పుస్తకములోని మొత్తము బరువులోనుండి దానిని తీసివేయగా మిగిలినదే మనుషులకును, మూటలకును. బ్రేకులు ఆ బరువునకే చేసినవి. మా రైల్వేలో ఎంత పెద్ద ఎక్స్‌ప్రెస్సయినను బ్రేకు పవరు సర్టిఫికెట్టు లేనిదే బయలుదేరదు.

ఇక కాగితములు. ఇది మా సొంత రాజ్యము గనుక కొంచెము ఓర్పుతో వినండి.

మొదట చాసీ నెంబరు. కాగితము పెట్టి పెన్సిలుతో రుద్ది అచ్చు తీసికొని, ఆర్.సి.తో అక్షరము అక్షరము సరిచూడండి. పరివాహన్ ప్రభుత్వ యాప్‌లో బండి నెంబరు కొట్టినచో ఏ తేదీన రిజిస్టరయినది, ఇన్సూరెన్సు, ఫిట్‌నెస్ ఎప్పటివరకు, బ్యాంకు అప్పు ఉన్నదా అన్నది కనిపించును. అప్పు ఉన్నచో బ్యాంకు సంతకముతో 35వ నెంబరు ఫారము వచ్చువరకు రూపాయి ఇవ్వవద్దు. సొంత బండికి రిజిస్ట్రేషను 15 ఏండ్లు. ఆ తరువాత పరీక్ష చేయించి ఐదేండ్లకొకసారి పొడిగించుకొనవలెను. పసుపు బోర్డు వ్యాను అయినచో అది బాడుగ బండి. ఎనిమిదేండ్లు దాటిన తరువాత దానికి ఏటేటా ఫిట్‌నెస్. సొంతానికి వాడవలెనన్నచో వర్గము మార్చుకొనవలెను. తెల్లబోర్డు బండిలో తెలిసినవారిని ఎక్కించుకొని తలకింత అని వసూలు చేయుట కూడ కుదరదు. సంఘములోని కొందరి ఆలోచన మాకు తెలుసును గనుక చెప్పుచున్నాము.

రెండవది, మామూలు వ్యానును విహార వ్యానుగా మార్చినవారు ఆ మార్పును రవాణా కార్యాలయములో నమోదు చేయించినారా? కంపెనీ నమూనాకు విరుద్ధముగా బండి కట్టుబడిని మార్చరాదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో తీర్పు చెప్పినది. ఆర్.సి.లో 12 సీట్లని ఉండి, లోపల రెండు మంచములున్నచో, ప్రమాదము జరిగిననాడు ఇన్సూరెన్సు వారు మొదట లెక్కపెట్టునవి ఆ సీట్లే.

మూడవది, ఇది మన వలస కుటుంబములకు ప్రత్యేకము. నెల్లూరులో చవకగా దొరికినదని ఆంధ్ర నెంబరు బండి తెచ్చుకొనువారు ఉన్నారు. అక్కడి కార్యాలయము నుండి నిరభ్యంతర పత్రము తెచ్చుకొనవలెను. పన్నెండు నెలలకు మించి ఇక్కడ ఉంచినచో ఇక్కడి నెంబరు తీసికొని, ఇక్కడి పన్ను కట్టవలెను. ఆ పన్నును ధరలో కలిపి చూచినచో నెల్లూరు చవక చాలసార్లు తడ దాటకముందే కరిగిపోవును.

నాలుగవది పేరు మార్పిడి. అమ్మినవాడు 14 రోజులలో కార్యాలయమునకు తెలియజేయవలెను, ఇన్సూరెన్సు కూడ 14 రోజులలో మన పేరునకు అడుగవలెను. "పాత పేరుమీదనే నడుపుకోండి, ఏమి కాదు" అని దళారి అంటాడు. 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు వారు, బండి ఎన్ని చేతులు మారినను, పుస్తకములో ఎవరి పేరున్నదో వారే పరిహారమునకు బాధ్యులన్నారు. అనగా అమ్మినవాడు కూడ ఈ విషయమున తొందరపడవలసినదే. బ్రోకర్లకు 2023 ఏప్రిల్ 1 నుండి రవాణా కార్యాలయము వారి అధికార పత్రము ఉండవలెనన్న నియమము వచ్చినది. అడిగి చూడండి. అడిగినందుకు కోపము వచ్చినచో అదియు ఒక జవాబే.

నాలుగు కుటుంబములు కలిసి కొన్నప్పుడు ఎవరి పేరున ఉంచవలెనన్నది మనము ఇంకను తేల్చలేదు. మరమ్మతు ఖర్చు, ప్రమాద బాధ్యత, ఒకరు ఊరు మారినచో వారి వాటా ఎట్లు, ఇవన్నియు స్టాంపు కాగితముపై వ్రాసికొనవలెనని మా సూచన. తోడికోడళ్ళ నడుమ అట్లకాడ కూడ పంచాయతీ అవును. వ్యాను సంగతి వేరుగా చెప్పవలెనా?

ఆ తెల్లవ్యానును మనము కొనలేదు. మేస్త్రీగారి కూలి, రానుపోను ఛార్జీలు నాలుగు కుటుంబములకు పంచినాము. "కొనని బండికి ఖర్చెందుకు?" అని ఒకరిద్దరు గొణిగినారు. ఆ సొమ్ము ఎందుకు పోయినదో వారి ఇంటి ఆడవారే వారికి చెప్పినారు.

ఇప్పుడు ఇంకొకటి చూచినాము. మాధవరములో ఒక కుటుంబము వాడుకొన్న బండి, మొదటి యజమానియే అమ్ముచున్నాడు, మార్పు ఆర్.సి.లో నమోదైనది. ధర కొంచెము ఎక్కువ. వచ్చే ఆదివారము ఉదయము ఆరు గంటలకు, ఇంజను చల్లగా ఉండగానే, మేస్త్రీగారు వచ్చుచున్నారు. వాటాదారులు ఇంటికొకరు చొప్పున రావలెను. గోనెసంచి ఆయన తెచ్చుకొంటారు, టార్చిలైటు, సబ్బునీళ్ళు మేము తెచ్చెదము. బిందెలు మాత్రము మీరు తెండి.