మూత్రపిండ దానము – పురుషుల కర్తవ్యము
(పాపారపట్టి తెలుగువారి సభలో చేసిన ప్రసంగ పాఠము)



నేను వైద్యుడను గాను, వర్తకుడను. లెక్క చూచుట నా వృత్తి. ఒక లెక్కలో మన యిండ్ల లోపము కనిపించుచున్నది. దానిని మీ యెదుట నుంచుచున్నాను.

మనుష్యునకు మూత్రపిండములు రెండు. ఆరోగ్యవంతున కొక్కటియే చాలును. రెండును చెడినవారు వారమునకు రెండు మూడు మారులు డయాలిసిస్ యంత్రము చెంత గంటల కొలది పరుండవలెను. లేదా మరియొకరి మూత్రపిండమును పొందవలెను. మన తెలుగునాట శ్రీకాకుళము జిల్లా ఉద్దానములో ఈ వ్యాధి యెన్ని కుటుంబములను కుంగదీసెనో మీరు వినియే యుందురు.

1954 డిసెంబరు 23న అమెరికాలోని బోస్టను నగరమున రొనాల్డ్ హెరిక్ అను నాతడు తన కవల సోదరుడు రిచర్డునకు ఒక మూత్రపిండ మొసగెను. రిచర్డు మరి యెనిమిదేండ్లు జీవించెను. దాతయో 79 యేండ్ల వయస్సున, 2010లో గతించెను. మనకు చేరువనున్న వేలూరి క్రైస్తవ వైద్య కళాశాలలో 1971లోనే ఈ చికిత్స సఫలమయ్యెను.

1994 నాటి చట్టము ననుసరించి తల్లిదండ్రులు, సంతానము, తోబుట్టువులు, దంపతులు ఒకరికొకరు దానము చేయవచ్చును. 2011 సవరణచే తాత, అవ్వ, మనుమలును చేరిరి. రక్తవర్గములు కలియనిచో రెండు కుటుంబములు దాతలను మార్చుకొనవచ్చును. అమ్ముటయు కొనుటయు నేరము. బీదవాని అక్కరను బేరము పెట్టుట పాపము.

ఇక లెక్క. మన దేశమున సజీవ దాతలలో అధికులు స్త్రీలు. పొందువారిలో అధికులు పురుషులు. కుమారునకు తల్లి యిచ్చును, భర్తకు భార్య యిచ్చును. ఆమెకే అక్కర కలిగిననాడు మనము అంగడిని, సంపాదనను సాకుగా చూపుట న్యాయమా? పద్దు ఒక ప్రక్కనే వ్రాయుట వ్యాపారమున చెల్లదు. సంసారమున నెట్లు చెల్లును?

దాతకు అపాయ మొక్కింతయు లేదని నే ననను. శస్త్రచికిత్స శస్త్రచికిత్సయే. కనుకనే వైద్యులు ముందుగా అన్ని పరీక్షలు చేసి, మధుమేహము, రక్తపుపోటు మున్నగునవి యున్నవారిని సాధారణముగా నిరాకరింతురు. తగినవారు కొన్ని వారములలో తమ పనులకు మరలుదురు. పిమ్మట ఏటేట పరీక్ష చేయించుకొనవలెను. ఇష్టము లేనివారిని, ముఖ్యముగా కోడండ్రను, ఎవ్వరును బలవంతపెట్టరాదు. నిర్బంధించి తీసికొనినది దానము గాదు.

సుబ్రహ్మణ్య శివగారు దేశమునకై దేహ మరుగదీసికొని 1925లో కన్నుమూసిన యూరిది. త్యాగము మనకు క్రొత్త మాట గాదు. ఏ యింట ఈ వ్యాధి కలిగినను, ఆ యింటి పురుషులు మొదట పరీక్షకు నిలువవలెనని నా ప్రార్థన.